ఎండలు ముదరకముందే ఇంక్యుబేటర్ సరిచూసుకోండి

చలికాలమంతా నిక్షేపంగా పిల్లల్ని దింపిన, గుడ్లు పొదిగే ఇంక్యుబేటర్ పెట్టే మే నెల వచ్చేసరికి గుడ్లు చంపేస్తుంది. మెషీన్ పాడై ఉండదు, సెట్టింగ్ ఎవరూ ముట్టుకుని ఉండరు. ఈ సంగతి బుర్రకెక్కడానికి నావి నలభై నాటుకోడి గుడ్లలో చాలావరకు పోయాయి.

ఏప్రిల్ ఆఖర్లో రేకుల షెడ్డులో పెట్టాను. పొద్దున లేచి చూస్తే 37.5 డిగ్రీలు, ఉండాల్సినంతే. రాత్రి పడుకునే ముందు చూస్తే 37.5. మధ్యాహ్నం రెండింటికి ఆ షెడ్డులోకి వెళ్లే ధైర్యం ఎవరికుంటుంది? పందొమ్మిదో రోజుకే రెండు గుడ్లు చిట్లితే ముందే వచ్చేస్తున్నాయని సంబరపడ్డాను కూడా. చివరికి దిగినవి పదకొండు. అందులో నాలుగింటికి బొడ్డు మానలేదు, రెండు రోజుల్లో పోయాయి. మిగిలిన గుడ్లు పగలగొట్టి చూస్తే చాలావాటిలో పిల్ల పూర్తిగా తయారై ఉంది, ఈకలతో సహా. పచ్చసొన మాత్రం కడుపులోకి పోలేదు. వేడి ఎక్కువైందనడానికి ఇంతకన్నా గుర్తు అక్కర్లేదు.

థర్మోకోల్ పెట్టెలో ఉండేది బల్బో హీటరో, ఒక ఫ్యాన్. అది వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు. గది 41 డిగ్రీలు ఉంటే, వేడిని చూసి బల్బు వెలిగించి ఆపే బోర్డు చేయగలిగింది బల్బు ఆపడం ఒక్కటే. ఆ తరువాత పెట్టె గది కన్నా చల్లగా ఉండే దారి లేదు. పైగా పది, పన్నెండు రోజులు దాటాక గుడ్లలో పెరిగే పిల్లలే వేడి పుట్టిస్తాయి. ట్రే నిండుగా ఉంటే చివరి వారంలో అది బాగా తెలుస్తుంది. అందుకే ఎండాకాలంలో ముందు సరిచేయాల్సింది గదిని, ఆ తరువాతే బోర్డును.

గది 30 దాటకపోతే నిశ్చింతగా ఉండొచ్చు. 35 దాటిందంటే ఏ సెట్టింగూ కాపాడదు. రేకుల కింద వద్దు, పడమటి గోడకు ఆనించి వద్దు. డాబా ఇళ్లలో పై అంతస్తు కూడా వద్దు, పగలంతా తాగిన ఎండను స్లాబు రాత్రి పది దాకా కక్కుతూనే ఉంటుంది. కింది అంతస్తులో నడిమి గది మంచిది. కిటికీకి తడిపిన గోనెపట్టా, ఎయిర్ కూలర్ తెలంగాణలో, సీమలో పనిచేస్తాయి, అక్కడ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి. కోస్తాలో ఉక్కపోత రోజుల్లో కూలర్ పెడితే తేమ పెరగడమే తప్ప గది పెద్దగా చల్లబడదు.

నా మట్టుకు నేను మార్చి మూడో వారం దాటాక గుడ్లు పెట్టడం మానేశాను. మళ్లీ మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాకే. మే మొదటి వారంలో పెట్టిన గుడ్లు ఇరవై ఒక్క రోజులకు సరిగ్గా రోహిణి కార్తెలోకి వెళ్లి పడతాయి. రోళ్లు పగిలే ఎండల్లో పిల్లల్ని దింపుకోవడం దేనికి? ఏసీ గది ఉన్నవాళ్ల సంగతి వేరు.

ఇక సెట్టింగ్. ఫ్యాన్ ఉన్న పెట్టెలో కోడిగుడ్లకు 37.5 డిగ్రీలు, పాత లెక్కలో 99.5 ఫారన్‌హీట్. ఫ్యాన్ లేని పెట్టెలో పైన ఒక వేడి, కింద ఒక వేడి ఉంటుంది కాబట్టి గుడ్డు పైభాగం ఎత్తులో థర్మామీటర్ పెట్టి 38.3 నుంచి 38.9 మధ్య చూసుకోవాలి. ఒక డిగ్రీ తగ్గితే పిల్లలు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా దిగుతాయి, కొన్ని నీరసంగా ఉంటాయి. అదే డిగ్రీన్నర పెరిగి రోజుల తరబడి ఉంటే సగం ట్రే పోతుంది. 40 దాటి కొన్ని గంటలు ఉంటే చెప్పేదే లేదు.

మధ్యాహ్నం వేడి పెరుగుతోందని సెట్టింగ్ 36కి తగ్గించేవాళ్లను చూశాను. దానివల్ల ఒరిగేదేమీ లేదు. మధ్యాహ్నం బల్బు ఎలాగూ ఆరిపోయే ఉంటుంది, సెట్టింగ్ 36 అయినా 37.5 అయినా ఒకటే. తెల్లవారుజామున గది చల్లబడినప్పుడు మాత్రం పెట్టె నిజంగానే 36కి దిగుతుంది. పగలు ఉడుకు, రాత్రి చలి, రెండు దెబ్బలూ గుడ్డుకే.

బోర్డు మీది అంకెను గుడ్డిగా నమ్మకండి. ఇంట్లో జ్వరం చూసుకునే డిజిటల్ థర్మామీటర్ ఉంటుంది కదా, దానితోనే పరీక్ష చేయొచ్చు. గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి, థర్మామీటర్ మొననూ బోర్డు సెన్సర్ మొననూ రబ్బర్‌బ్యాండుతో కలిపి ముంచండి. సెన్సర్ మొన నీళ్లు చొరనిదైతేనే సుమా. కాదంటే రెండింటినీ పల్చటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముంచండి. నీళ్లు కలియబెడుతూ 38 దగ్గర రెండూ చూడండి. నా బోర్డు 37.4 చూపిస్తుంటే థర్మామీటర్ 38.1 చూపించింది. చలికాలంలో గది వాతావరణం కప్పిపుచ్చిన ఆ 0.7 డిగ్రీలే ఎండల్లో నా కొంప ముంచాయి.

చాలామంది వాడే ఎర్ర అంకెల డబ్ల్యూ1209 బోర్డులో ఈ తేడాను పీ4 అనే సెట్టింగ్‌లో సరిచేయొచ్చు. అంతకన్నా ముఖ్యమైనది పీ1, వేడి ఎంత తగ్గాక బల్బు మళ్లీ వెలగాలో చెప్పేది. అది కంపెనీ నుంచి 2 డిగ్రీలతో వస్తుంది. అంటే పెట్టె 35.5కి పడిపోయేదాకా బల్బు వెలగదు. దాన్ని 0.3కి తగ్గించండి. పీ0లో హెచ్ (వేడి చేసే పద్ధతి) ఉందో లేదో చూడండి, సీ ఉంటే అది చల్లబరిచే పద్ధతి, వేడెక్కిన కొద్దీ బల్బు వెలుగుతూనే ఉంటుంది. సెన్సర్ గుడ్ల ఎత్తులో వేలాడాలి. బల్బుకు దగ్గరగా కానీ, ఫ్యాన్ గాలి నేరుగా తగిలేచోట కానీ, నీళ్ల ట్రే మీద కానీ ఉండకూడదు.

ఇవన్నీ అయ్యాక గుడ్లు పెట్టకుండా ఖాళీ పెట్టెను రెండు రోజులు నడపండి. పగలు రెండింటికి, తెల్లవారుజామున నాలుగింటికి రాసుకోండి. ఈ రెండు అంకెల మధ్య తేడా అర డిగ్రీ దాటితే గుడ్లకు తొందరపడొద్దు.

గుడ్లు పెట్టెలోకి చేరకముందే ఎండాకాలం వాటిని సగం చంపుతుంది. మామూలు గదిలో 35 డిగ్రీల్లో నాలుగు రోజులు ఉంచిన గుడ్డులో జీవం కదలడం మొదలై ఆగిపోతుంది. ఏడో రోజు టార్చి పెట్టి చూసినప్పుడు నరాలకు బదులు నెత్తురు రంగు ఉంగరం కనిపిస్తే, చాలాసార్లు మూలం నిల్వలోనే ఉంటుంది. రోజుకు రెండుసార్లు గుడ్లు ఏరండి, అయిదు రోజులు దాటనివ్వకండి. 15 నుంచి 18 డిగ్రీలు దొరికితే మేలు. లేదంటే వెడల్పు కుండలో తడి ఇసుక పోసి, దాని మీద పొడి గిన్నెలో గుడ్లు పెట్టి గుడ్డ కప్పండి, గుడ్డు సన్నటి కొన కిందికి ఉండాలి. ఫ్రిజ్ మరీ చల్లన. కడగొద్దు. చల్లటి చోటు నుంచి తీసినవి నాలుగైదు గంటలు గదిలో ఉంచాకే పెట్టెలో సర్దాలి, లేకపోతే పెంకుకు చెమట పడుతుంది.

తేమ మొదటి 18 రోజులు 50 నుంచి 55 శాతం, ఆఖరి మూడు రోజులు 65 పైన. వడగాడ్పులకు నీళ్లు ఇట్టే ఆవిరైపోతాయి. లోతైన డబ్బా కన్నా వెడల్పాటి పళ్లెం ముఖ్యం. తేమ మీటర్ నమ్మకం లేకపోతే వంటింటి తూకం చాలు. పది గుడ్లు కలిపి 450 గ్రాములుంటే పద్దెనిమిదో రోజుకు 395 దగ్గరికి రావాలి. 380కి వచ్చాయంటే మరీ ఎండిపోతున్నాయి.

కరెంటు పోయినప్పుడు చలికాలంలోలాగా దుప్పటి కప్పే అలవాటు ఎండాకాలంలో ప్రమాదం. మధ్యాహ్నం పోతే గాలి రంధ్రాలు పూర్తిగా తెరవండి, చివరి వారమైతే మూత కూడా ఒక వేలు సందు ఉండేలా ఎత్తి పెట్టండి. చిన్న ఇన్వర్టర్‌కు ఫ్యాన్ ఒక్కటి కలిపినా చాలా మేలు. రాత్రి పోతే మాత్రం గంట వరకు మూత ముట్టుకోవద్దు. కరెంటు వచ్చాక సెట్టింగ్ అలాగే ఉందో లేదో చూడండి.

పెట్టె 39 చూపించిందని గుడ్ల మీద చన్నీళ్లు చిలకరించకండి, ఐసు సీసాలు లోపల పెట్టకండి. మూత తీసి, టేబుల్ ఫ్యాన్ గది వైపు తిప్పి, 37.5కి రాగానే మూసేయండి. ఫోన్లో మధ్యాహ్నం రెండింటికి అలారం పెట్టుకుంటే ఈ అవసరం ముందే తెలుస్తుంది. ఒక పూట వేడి పెరిగిందని ట్రే అంతా పారేయక్కర్లేదు కూడా. మూడు రోజులు ఆగి చీకట్లో టార్చి పెట్టి చూడండి. నరాలు ఎర్రగా, స్పష్టంగా ఉంటే కొనసాగించండి, గుడ్డులో నల్లగా నీళ్లు కదిలినట్టుంటే ఆ ఒక్కదాన్ని తీసి దూరంగా పాతేయండి. మురిగిన గుడ్డు పెట్టెలో పేలితే ఆ కంపు వారం పోదు.