పతకం కొనేముందు అంచు చూడండి

"అత్తా, నేనూ నీలా పాత పతకాలు పోగేస్తా, ఎలా మొదలుపెట్టను?" అని మా మేనల్లుడు మొన్న బ్రాడీపేట వచ్చినప్పుడు అడిగాడు. వాడికి చెప్పినవే ఇవి.

ముందు ఏ ఊరి పతకాలు పోగేయాలో తేల్చుకోవాలి. నేను పారిస్ పట్టుకున్నాను. అక్కడ 1855, 1867, 1878, 1889, 1900లలో ప్రపంచ ప్రదర్శనలు, అంటే దేశదేశాల సరుకులు చూపే పెద్ద ఎగ్జిబిషన్లు, జరిగాయి; వాటికోసం పతకాలు కొట్టారు. 1889లో కొత్తగా కట్టిన ఈఫిల్ టవర్ ఎక్కినవాళ్ల కోసం అమ్మిన చిన్న జ్ఞాపక బిళ్లలతో మొదలుపెడితే జేబు మీద భారం ఉండదు. ఆ ప్రదర్శనల్లో గెలిచినవాళ్లకిచ్చిన బహుమతి పతకాల సంగతి తర్వాత చూడొచ్చు.

పతకం చేతికి రాగానే అందరూ బొమ్మ చూస్తారు. మీరు అంచు చూడండి. కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో, పది రెట్లు చూపించే భూతద్దం కింద మెల్లగా తిప్పండి. నువ్వుగింజంత గుర్తొకటి, పక్కన లోహం పేరు కనిపిస్తాయి. నాణేలు, పతకాలు కొట్టే పారిస్ టంకశాల తన గుర్తుగా 1845 నుంచి 1860 దాకా చూపుడువేలు చాచిన చెయ్యి, 1860 నుంచి 1880 దాకా తేనెటీగ, ఆ తర్వాత పళ్లు పొంగే కొమ్ము కొట్టింది. అప్పటి ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ ముఖమున్న 1867 పతకం ఒకటి నేను ఎక్కువ ధర పెట్టి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే అంచున కొమ్ము! అంటే 1880 తర్వాత పాత అచ్చుతో మళ్లీ కొట్టింది. నకిలీది కాదు, కానీ ఆ ధర దానికి తగదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వెండి అని చెబితే తెలిసిన బంగారం కొట్టులో పరీక్ష చేయించండి, గీత మాత్రం పడనివ్వొద్దు.

ఇక తోమడం. మా అత్తగారు ఒక శుక్రవారం దీపపు కుందులతో పాటు నా కంచు పతకాన్ని కూడా చింతపండుతో తోమేశారు. ప్రేమతోనే చేశారు, ఏమనగలను? నూరేళ్లకు పైగా పట్టిన ఆ చాక్లెట్ రంగు పోయి, కొత్త చెంబులా మెరిసింది. ఆ రంగు మళ్లీ రాదు. కాబట్టి తోమొద్దు, మెత్తటి పొడి గుడ్డ చాలు. అంచులు పట్టుకునే ఎత్తండి, వేలిముద్ర కంచు మీద ఉండిపోతుంది. పీవీసీ అనే ప్లాస్టిక్ కవర్లలో పెడితే ఆకుపచ్చ జిగురు పడుతుంది. డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి, వానాకాలంలో నెలకోసారి మార్చండి. పొడిపొడిగా రాలే ఆకుపచ్చ తుప్పు కనిపిస్తే ఆ పతకాన్ని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి.

విదేశాల్లో ఉన్నవాళ్లతో మార్చుకోవాలనుకుంటే జాగ్రత్త. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటినవాటిని మామూలు పార్శిల్‌లా దేశం దాటించకూడదు.