పేరు మారకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి: ఏడు సీట్ల పాత బండి కొనేవాళ్లకు జాగ్రత్తలు

మొన్న మాఘమాసంలో చెరువుగట్టు జాతరకు వెళ్లి వస్తూ మా దగ్గరి బంధువుల బండి నార్కట్‌పల్లి దగ్గర డివైడర్‌ను గుద్దింది. బండిలో ఎనిమిది మంది. ప్రాణాలు దక్కాయి. పెద్దమ్మకు చెయ్యి విరిగింది, బండి ముందు భాగం నుజ్జయింది. ఇన్సూరెన్స్ ఉందిలే అని అందరూ ధైర్యంగానే ఉన్నారు. సర్వేయర్ వచ్చి కాగితాలు చూసి, పాలసీ ఎవరి పేరు మీద ఉందని అడిగాడు. బండి కొని అయిదు నెలలైంది. ఆర్‌సీ, పాలసీ రెండూ ఇంకా అమ్మినాయన పేరు మీదే ఉన్నాయి. రిపేరుకు ఒక్క రూపాయి రాలేదు. ఆ ఖర్చంతా వడ్డీకి తెచ్చి పెట్టుకున్నారు.

ఇదొక్కటే అయితే నేనిది రాసేవాణ్ని కాదు. మా వైపు దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్లలో ఇలా నష్టపోయినవాళ్లను చాలామందిని చూశాను. పెళ్లిళ్ల సీజన్ వస్తోంది, దాని వెనకే పిల్లల సెలవులు. ఈ రోజుల్లోనే పెద్ద బండి కోసం తిరుగుతారు. అందుకే ఇప్పుడే చెబుతున్నా. ఇంజిన్ చూడండి, మెకానిక్‌ను తీసుకెళ్లండి అని అందరూ చెప్పేదే, ఆ మాటలు వదిలేస్తున్నా.

పేరు సంగతి

"బండి తీస్కపో అన్నా, పేరు నెల రోజుల్ల మార్పిస్త" అంటారు అమ్మేవాళ్లు. సంతకాలు పెట్టిన ఫారం 29, 30 (పేరు మార్పు కాగితాలు) చేతికిస్తారు. మనం నమ్మి మొత్తం డబ్బు ఇచ్చేస్తాం. డబ్బు ముట్టాక అమ్మినాయనకు మనతో పని ఉండదు. మనకు మాత్రం ఆయనతోనే పని.

చట్టం ఏం చెబుతుందో తెలుసుకోండి. బండి కొన్నవాళ్లు 30 రోజుల్లోపు ఆర్టీఏకు తెలపాలి. ఇన్సూరెన్స్ తమ పేరు మీదికి మార్చమని 14 రోజుల్లోపు కంపెనీని అడగాలి. పేరు మారకపోయినా ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి థర్డ్ పార్టీ కవర్ చట్టప్రకారం కొత్త ఓనర్‌కు వస్తుంది. మన బండి రిపేరుకు ఆ రక్షణ లేదు. ఇంకా పెద్ద నష్టం వేరే ఉంది. నడుపుతూ ఓనర్ చనిపోతే ఇంటివాళ్లకు 15 లక్షలిచ్చే పర్సనల్ యాక్సిడెంట్ కవర్ పాలసీలో పేరున్న ఓనర్‌కే. మీరు స్టీరింగ్ పట్టుకుని, పాలసీ ఇంకొకరి పేరు మీద ఉంటే మీ భార్యాపిల్లలకు ఆ డబ్బు రాదు. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చెప్పండి.

అమ్మినాయన మధ్యలో చనిపోతే వారసుల సంతకాలు కావాలి. వాళ్ల మధ్య ఆస్తి తగాదా ఉంటే బండి ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

అమ్మేవాళ్లకూ ఇది క్షేమం కాదు. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాదంలో పరిహారానికి వాళ్లే ఓనర్ అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఈ మాట అమ్మినాయన చెవిన వేస్తే ఆయనే మీకంటే ముందు ఆర్టీఏకు వస్తాడు.

కాబట్టి డబ్బు ఇలా ఇవ్వండి: బేరం కుదిరిన రోజు పది వేలు అడ్వాన్స్, రసీదు మీద. ట్రాన్స్‌ఫర్ స్లాట్ బుక్ చేసి, ఇద్దరూ ఆర్టీఏకు వెళ్లి కాగితాలు ఇచ్చిన రోజు పెద్ద మొత్తం, బ్యాంకు ద్వారానే. కనీసం యాభై వేలు కొత్త ఆర్‌సీ మీ పేరుతో వచ్చేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.

ఫైనాన్స్ సంగతి

ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉందేమో చూడండి. కిస్తులన్నీ కట్టేశామంటే చాలదు. కంపెనీ ఎన్‌ఓసీ (బాకీ లేదనే కాగితం), ఫారం 35 ఇచ్చి ఆర్‌సీలో ఆ పేరు తీయించాలి. అది ఉన్నంత వరకు కంపెనీ రాసి ఒప్పుకోకుండా బండి మీ పేరు మీదికి మారదు. పేరు మారనంత వరకు పూర్తి డబ్బు ఇవ్వద్దు. కిస్తులు నేను కడతా, బండి నాకివ్వు అనే ఒప్పందం అసలే వద్దు. మిర్యాలగూడలో నాకు తెలిసినాయన పద్నాలుగు నెలలు కిస్తులు కట్టాక రికవరీవాళ్లు వచ్చి బండి ఎత్తుకెళ్లారు. పాత ఓనర్ వేరే లోన్ ఎగ్గొట్టాడట.

కర్నూలు, విజయవాడ బండి రేటు తక్కువ అనిపిస్తుంది. అక్కడి ఆర్టీఏ ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కవేయండి. చాలాసార్లు ఏమీ మిగలదు.

ఏ బండి

నాలుగైదు లక్షల్లో ఎక్కువగా కనిపించేవి పాత ఎర్టిగా, ట్రైబర్. 2018 చివర్లో వచ్చిన రెండో తరం ఎర్టిగాలో వెనక వరుస కాస్త విశాలం, అంతకు ముందుదాంట్లో మోకాళ్లు ఇరుకు. ఏడుగురూ కూర్చుంటే రెండు బ్యాగులకు మించి పట్టవు. ట్రైబర్‌లో వెనక సీట్లు ఊడదీసి పెట్టొచ్చు, సామాన్లకు మంచిది. ఒక లీటరు ఇంజినే కాబట్టి నిండా మనుషులు, ఏసీ, మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్ అంటే కష్టపడుతుంది. ఇన్నోవా గట్టి బండే. ఈ బడ్జెట్‌లో దొరికే ఇన్నోవా మాత్రం చాలావరకు కిరాయిలకు తిరిగి తిరిగి వచ్చిందే. షెవ్రోలె తవేరా, ఎంజాయ్ చవగ్గా వస్తాయి, కానీ ఆ కంపెనీ 2017తోనే మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. విడిభాగాల కోసం హైదరాబాద్ తిరగాల్సి వస్తుంది. నేనైతే కొనను.

చూడటానికి వెళ్లేటప్పుడు ఇంటిల్లిపాదీ వెళ్లండి. మూడో వరుసలో అమ్మను ఎక్కించి దించి చూడండి. ఆమె ఎక్కలేకపోతే అది అయిదు సీట్ల బండి కిందే లెక్క.

ఇక మిగతావి, ఒకటొకటిగా:

- సీట్ బెల్టు చివరిదాకా లాగండి. లోపల మట్టి చార ఉంటే నీళ్లలో మునిగిన బండి. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ, ఖమ్మం మునిగాయి. అప్పుడు నానిన బండ్లు కడిగి అమ్మకానికి పెట్టి ఉండొచ్చు.
- స్టెప్నీ కింద గుంటలో, సీటు పట్టాల మీద తుప్పు చూడండి.
- టైరు మీద నాలుగంకెలు చదవండి. 1519 అంటే 2019లో 15వ వారం తయారైంది. కొత్త నలుపు పూసినంత మాత్రాన కొత్త టైరు కాదు.
- అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి. ఇనుప రేకుకు అతుక్కోకపోతే కింద లప్పం ఉంది.
- ఛాసిస్ నంబరు మీ కళ్లతో చూసి ఆర్‌సీతో అంకె అంకె పోల్చుకోండి.
- చలాన్లు చూడండి. కట్టించాకే బేరం.
- పసుపు ప్లేటు (కిరాయి బండి) నుంచి తెల్ల ప్లేటుకు (సొంత బండి) మారిన బండి అయితే మీటరు అంకె నమ్మకండి. సర్వీసు రికార్డు అడగండి.
- ఇంజిన్ ముందే వేడిచేసి ఉంచితే వెనక్కి వచ్చేయండి. మర్నాడు పొద్దున చెప్పకుండా వెళ్లండి.
- మధ్యాహ్నం రెండింటికి ఏసీ వేసి వెనక వరుసలో అరగంట కూర్చోండి. నల్లగొండ ఎండకు అక్కడే తెలుస్తుంది.
- బయట బిగించిన గ్యాస్ కిట్ ఆర్‌సీలో ఎక్కకపోతే కొనకండి.
- బడ్జెట్ అయిదు లక్షలైతే బండికి నాలుగున్నరే. టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్స్‌కు మిగతాది.
- బండి మీకు అప్పగించినట్టు రాసే డెలివరీ కాగితం మీద తేదీతో పాటు టైమ్ రాయించండి.
- పాత పాలసీలోని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) మీకు రాదు. అది ఆయనది. ప్రీమియం ఆ లెక్కన చూసుకోండి.
- ఏడు సీట్ల బండిలో ఏడుగురే. జాతరకైనా, పెళ్లికైనా.
- మూడో వరుస పిల్లలకూ బెల్టు పెట్టండి.
- బ్రోకర్ మంచివాడు, తెలిసినవాడు, చుట్టం అయినా సరే పేరు మారకుండా పూర్తి డబ్బు ఇవ్వద్దు.
- ఆర్టీఏ స్లాట్ దొరకలేదంటే దొరికేదాకా బండి ఆయన ఇంటి ముందే ఉండనీయండి.
- పాలసీ మార్పుకు 14 రోజుల్లోపే కంపెనీని అడిగి, కొత్త ఆర్‌సీ రాగానే మార్పించి, కాగితం ప్రింటు తీసి ఇంట్లో ఒకరికి చూపించండి.
- ముహూర్తం దగ్గరపడింది, బండి లేకుండా ఎలా అని టెన్షన్ పడుతున్నారా? ఆ రెండు రోజులకు కిరాయి బండి మాట్లాడుకోండి.