మిషన్ కొనేముందు గాజు జాడీతో చూడండి

విశాఖలో రొయ్యల ప్లాంటుకో, అపార్ట్‌మెంట్ ఎస్టీపీకో (మురుగునీటి శుద్ధి ప్లాంటు) మురుగునీళ్లు శుభ్రం చేసే మిషన్ కొనబోతున్నారా? కొటేషన్లు అడిగే ముందు ఆ నీళ్లు లీటరు గాజు జాడీలో పట్టి, అరగంట కదపకుండా ఉంచండి. మడ్డి అడుక్కి దిగితే, దాన్ని తీయడానికి సెటిలింగ్ ట్యాంకు (మడ్డి అడుక్కి దిగేలా నీళ్లు నిలిపే తొట్టి) చాలు. కొవ్వు పైకి తేలితే (రొయ్యలు, చేపల నీళ్లలో తరచూ ఇంతే) సన్నటి గాలి బుడగలతో మడ్డిని తేల్చి తీసే డాఫ్ యూనిట్ చూడండి. ఎటూ కదలక మసగ్గానే ఉంటే పటిక కలిపి మళ్లీ చూడాలి.

ఏది కొన్నా ముందు జల్లెడ తప్పదండీ, పొట్టు వెళ్లి పంపుకి అడ్డం పడుతుంది. మన ఉప్పుగాలికి, రొయ్యల ఉప్పునీళ్లకి స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం కన్నా 316 రకం నయం.

శాంపిల్ మాత్రం పని జోరుగా సాగే షిఫ్టులోనే పట్టండి.