వృద్ధాశ్రమంలో గజ్జి పాకితే మందు ఎలా రాయాలి?

విజయనగరం జిల్లాలో ఒక వృద్ధాశ్రమం వంటగదీ మందుల బీరువా రెండూ నా చేతిలోనే ఉంటాయి. గజ్జి మాకు మూడుసార్లు వచ్చింది. నిజానికి వచ్చింది ఒక్కసారే. మొదటి రెండుసార్లు గోక్కుంటున్నవాళ్లకే మందు రాశాం, అందుకని అది పోనే లేదు.

మొదటిసారి అంటుకున్నవాళ్లకు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అరుగు మీద హాయిగా పేపరు చదువుకుంటున్న తాతగారి ఒంటి మీదా గజ్జి తెచ్చే పురుగు ఉండొచ్చు. కాబట్టి ఉన్నవాళ్లందరికీ, ఆయాలకీ, వంటమనిషికీ, ఆయాల ఇంట్లోవాళ్లకీ ఒకే రోజు రాయాలి. "నాకేం లేదమ్మా" అనే మాట వినొద్దు.

ముందు డాక్టరుకు చూపించండి. ఈ ఉక్కలో చెమటకాయలే అనుకుని పౌడరు జల్లి నెల రోజులు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. రాత్రిపూట ఎక్కువయ్యే దురద, వేళ్ల సందుల్లో పొక్కులు గమనించండి. ఎవరికైనా చేతుల మీద మందంగా పెచ్చులు కట్టి ఉంటే, దురద లేకపోయినా సరే, ముందు వాళ్లనే చూపించండి. మామూలు గజ్జిలో ఒంటి మీద పది పదిహేను పురుగులుంటే, పెచ్చుల గజ్జిలో వేలల్లో ఉంటాయి. వాళ్లకు వేరే గది ఇవ్వాలి. క్రీముతో పాటు మాత్రలు కూడా డాక్టరే రాస్తారు.

సామాను: 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్ మనిషికి ఒక్కోసారికి 30 గ్రాములు, గ్లవ్స్, నెయిల్ కట్టర్, కొత్త మొలతాళ్లు.

ఇక రాయడం. అందరూ పాడుచేసేది ఇక్కడే.

శనివారం రాత్రి ఎనిమిదికి మొదలుపెట్టండి, వేరే రోజు వద్దు. ఆదివారం ఉదయం చుట్టాలు వచ్చేలోపు స్నానాలు అయిపోతాయి. వేడినీళ్ల స్నానం చేయించి వెంటనే రాయకండి. ఒళ్లు చల్లబడి పొడిగా ఉండాలి. గోళ్లు కత్తిరించి, గోళ్ల కింద కూడా మందు పెట్టాలి. దురద ఉన్నచోట చుక్క పెట్టి వదిలేస్తే ట్యూబు దండగ. మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, చంకలు, బొడ్డు, రొమ్ముల కింద, పిరుదుల మధ్య ఎక్కడా వదలకూడదు. పెద్దవాళ్లకు తల, ముఖం, చెవుల వెనక కూడా రాయాలి. కళ్లకూ నోటికీ తగలనివ్వొద్దు.

గాజులు, మెట్టెలు జరిపి వాటి కింద రాయండి. మొలతాడు తీసేయండి. మా దగ్గర ఒక తాతగారు తియ్యనంటే తియ్యనన్నారు, మేమూ మొహమాటపడ్డాం. పది రోజులకు నడుం చుట్టూ సరిగ్గా ఆ తాడు గీతలోనే మళ్లీ పొక్కులు. ఇప్పుడు కొత్త తాడు చూపించాకే పాతది అడుగుతాను.

మందు 8 నుంచి 12 గంటలు ఒంటి మీద ఉండాలి. ఈలోగా చేతులు కడిగినా, బాత్రూమ్‌కి వెళ్లి కడుక్కున్నా అక్కడ మళ్లీ రాయాలి. రాత్రి డ్యూటీ ఆయాకు ఇది తప్ప వేరే పని చెప్పొద్దు. మతిమరుపు ఉన్నవాళ్లు వేళ్లు నోట్లో పెట్టుకుంటారు, చేతులకు పాత మేజోళ్లు తొడగండి.

వేపాకు నీళ్లు, పసుపు అని సలహాలు వస్తాయి. స్నానానికి బాగానే ఉంటాయి, పురుగుని మాత్రం వాటికి వదిలేయకండి. బెంజైల్ బెంజోయేట్ లోషన్ చవకే గానీ, పలచబడ్డ చర్మం మీద భగ్గుమంటుంది. అది రాస్తే రెండోసారి ఎవరూ చేయి చాపరు.

పొద్దున్నే దుప్పట్లు, తువ్వాళ్లు, బట్టలు బాగా మరిగిన నీళ్లలో ఉతికి ఎండేయండి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి వారం ఉంచండి. ఒళ్లు దొరక్కపోతే పురుగు రెండు మూడు రోజుల్లో చస్తుంది.

వచ్చే శనివారం ఇదంతా మళ్లీ, అందరికీ. ఆ తర్వాత కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. మందు పనిచేయలేదని టెన్షన్ పడి మూడో ట్యూబు విప్పకండి. కొత్త పొక్కులు వస్తేనే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.