వేసవి చివర్లో లాన్ పసుపెక్కితే ఏం చేయాలి?

లాన్ పసుపెక్కగానే చాలామంది చేసే మొదటి పని యూరియా చల్లడం. ఆగండి. నీళ్లు లేక డస్సిపోయిన గడ్డికి ఎరువు వేస్తే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. ఎరువులోని లవణం వేళ్లను ఇంకా మాడుస్తుంది. గడ్డి చచ్చిందా, నిద్రపోయిందా అన్నది ముందు తేల్చుకోవాలి.

1. గుప్పెడు గడ్డి పట్టుకుని లాగండి

ఊడిరాకుండా బిగువుగా ఉంటే చాలావరకు బతికున్నట్టే. గడ్డి మొదలును చీల్చి చూడండి. లోపల తెల్లగా, తడిగా ఉంటే బెంగ లేదు. చల్లని ప్రాంతాల గడ్డి రకాలు ఎండలు ముదిరితే ఆకులను వదిలేసి మొదలును కాపాడుకుంటాయి, వాతావరణం చల్లబడగానే మళ్లీ చిగురిస్తాయి. లోపల కూడా గోధుమరంగుకు తిరిగి పెళుసుగా విరిగితే అది పోయినట్టే.

లాగినప్పుడు చాపలా చుట్టుకుని లేచి వచ్చిందా? అయితే కింద వేరుపురుగు చేరి ఉండొచ్చు. అడుగు పొడవు, అడుగు వెడల్పున మట్టిని మూడు అంగుళాల లోతు తవ్వి చూడండి. అర్ధచంద్రాకారంలో ముడుచుకున్న తెల్లటి పురుగులు ఒకటీ రెండూ ఉంటే వదిలేయొచ్చు. పదికి పైగా కనిపిస్తే మాత్రం మందు వేయక తప్పదు.

2. పసుపు ఏ తీరుగా ఉందో చూడండి

గుండ్రటి మచ్చ, దాని చుట్టూ ముదురు ఆకుపచ్చ వలయం ఉంటే అది కుక్క పని. మూత్రంలోని నత్రజని మధ్యలో ఎక్కువై మాడుస్తుంది, అంచుల్లో ఎరువులా పనిచేస్తుంది. అక్కడ బాగా నీళ్లు పోసి కడిగేయండి. ముదురాకులు ముందుగా పాలిపోతే నత్రజని లోపం. లేతాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం పసుపెక్కితే ఇనుపధాతు లోపం, క్షారగుణం ఉన్న నేలల్లో ఇది మామూలే. దీనికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం) ద్రావణం పిచికారీ చేస్తారు, అదీ ఎండ వేళ కాదు. సిమెంటు గచ్చు మీద పడితే తుప్పు మరక పోదు, జాగ్రత్త.

3. నీళ్లు తక్కువసార్లు, లోతుగా పెట్టండి

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. రోజూ పైపైన తడిపితే వేళ్లు పైనే ఉండిపోతాయి, ఒక్కరోజు నీళ్లు తప్పినా వాడిపోతాయి. వారానికి 25 మిల్లీమీటర్ల నీరు, అంటే చదరపు మీటరుకు 25 లీటర్లు, ఒకటి రెండు విడతల్లో పెడితే చాలు. ఇసుక నేలైతే విడతలు పెంచండి. స్ప్రింక్లర్ ఎంత పోస్తోందో తెలియాలంటే లాన్‌లో అక్కడక్కడా ఖాళీ డబ్బాలు పెట్టి, అరగంట తర్వాత స్కేలుతో కొలవండి. నీళ్లు పెట్టాక స్క్రూడ్రైవర్ గుచ్చితే ఆరంగుళాలు సులువుగా దిగాలి.

తెల్లవారుజాము మంచి సమయం. రాత్రంతా ఆకులు తడిగా ఉంటే బూజు తెగుళ్లు వస్తాయి. ఇక మట్టి ఎప్పుడూ చిత్తడిగానే ఉండి గడ్డి పసుపెక్కుతుంటే, వేళ్లకు గాలి అందడం లేదన్నమాట. అప్పుడు చేయాల్సిన పని కుళాయి కట్టేయడమే.

నిద్రలో ఉన్న గడ్డిని అలాగే వదిలేస్తామంటే అదీ తప్పు కాదు. రెండు మూడు వారాలకోసారి అర అంగుళం నీళ్లిస్తే మొదలు బతికి ఉంటుంది. ఒకవారం లేపి, ఇంకో వారం ఎండగట్టడమే దానికి చేటు.

4. గడ్డి కోసే మిషన్ ఎత్తు పెంచండి

ఒక్క కోతలో మూడో వంతుకు మించి తీయకండి. మొండి బ్లేడు కోయదు, పీకుతుంది. చిరిగిన కొసలు తెల్లబారి లాన్ మొత్తం ఎండినట్టు కనిపిస్తుంది. నిద్రలో ఉన్న గడ్డిని అసలు కోయొద్దు, తొక్కొద్దు.

5. చల్లబడ్డాకే ఎరువు, విత్తనం

నేల గట్టిపడితే ముందు రంధ్రాలు చేసి గాలి ఆడనివ్వండి. చచ్చిన చోట ఎండుగడ్డిని గీకేసి విత్తనం చల్లండి. బెర్ముడా లాంటి పాకే రకమైతే చిన్న ఖాళీలను అదే అల్లుకుంటుంది, విత్తనం కొనక్కర్లేదు.