పుర్రెలోని పళ్లను చూసి మాంసాహారిని గుర్తించడం ఎలా

జంతువు పుర్రె కనబడగానే చాలామంది కోరల వైపు చూస్తారు; అవి పొడవుగా ఉంటే మాంసాహారి అని తేల్చేస్తారు. ఈ పద్ధతిని నమ్మవద్దు. నీటిఏనుగుకు, మగ గొరిల్లాకు, మగ కస్తూరి మృగానికి పెద్ద కోరలున్నా వాటి ప్రధాన ఆహారం మొక్కలే. కోరలు పోట్లాటకూ బెదిరింపుకూ పనికివస్తాయి. కాబట్టి పరిశీలనను దవడ పళ్ల నుంచి మొదలుపెట్టండి.

పుర్రెను పక్క నుంచి చూస్తూ, పై దవడలో చివరి అగ్రచర్వణకాన్నీ (కోర వెనుక వరుసలో ఉండే దవడ పన్ను), కింది దవడలో మొదటి చర్వణకాన్నీ (అగ్రచర్వణకాల వెనుక ఉండే దవడ పన్ను) వెతకండి. పిల్లి, పులి, కుక్క, తోడేలు వంటి వాటిలో ఈ రెండూ పెద్దవిగా, పదునైన అంచుతో ఉండి, నోరు మూసుకున్నప్పుడు ఒకదాని మీద ఒకటి ఆనకుండా కత్తెర రెక్కల్లా ఒరుసుకుంటూ జారిపోతాయి. ఆ ఒరిపిడి అంచులను మొద్దుబారనివ్వదు. పిల్లి గట్టి మాంసం ముక్కను తినేటప్పుడు తలను ఒక పక్కకు వంచేది దాన్ని ఈ పళ్ల మధ్యకు చేర్చడానికే. మెత్తగా నమలడం దానికి చేతకాదు, మింగగలిగినంత కోసి మింగేస్తుంది.

తరువాత ఈ జంట వెనుక ఏముందో చూడండి. నా దృష్టిలో అసలు ఆధారం ఇక్కడే దొరుకుతుంది. పిల్లికి ఉన్నవి 30 పళ్లే. ఆ జంట వెనుక, పై దవడలో ఇరువైపులా ఒక్కొక్క చిన్న పన్ను తప్ప మరేమీ ఉండదు. కుక్కకు 42 పళ్లున్నాయి. వెనుక ఉన్న చదునైన చర్వణకాలతో అది మాంసమే కాక ఇతర ఆహారాన్నీ నలపగలదు. ఎలుగుబంట్లలో పదును తగ్గి చర్వణకాలు వెడల్పయ్యాయి. వెదురు తిని బతికే పాండా కూడా జంతువుల వర్గీకరణలో మాంసాహారుల క్రమానిదే (ఆ పేరుగల పెద్ద సమూహానిదే) కనుక, క్రమం పేరు కంటే పన్ను ఆకారాన్నే నమ్మడం మంచిది. మచ్చల దుమ్ములగొండికైతే అగ్రచర్వణకాలు ఎముకలు పగలగొట్టగలిగేంత మందంగా, శంకువు ఆకారంలో ఉంటాయి.

దవడ కీలునూ పరిశీలించండి. మాంసాహారుల్లో అది దాదాపు పళ్ల వరుస ఎత్తులోనే, అడ్డంగా ఉన్న గాడిలో బిగుతుగా అమరి, దవడను ముఖ్యంగా పైకీ కిందికీ మాత్రమే కదలనిస్తుంది. ఆవు వంటి శాకాహారుల్లో కీలు పళ్ల వరుసకు బాగా పైన ఉంటుంది. నమిలేటప్పుడు దవడ పక్కలకు తిరుగుతుంది.

ఈ పరీక్ష మొసలికీ డాల్ఫిన్‌కూ వర్తించదు. వాటి పళ్లన్నీ ఇంచుమించు ఒకే తీరున శంకువుల్లా ఉండి, ఎరను పట్టుకోవడానికే తప్ప కోయడానికి పనికిరావు. డాల్ఫిన్ సాధారణంగా చేపను అలాగే మింగేస్తుంది. మొసలి పెద్ద ఎరను పట్టుకుని ఒళ్లంతా గిర్రున తిప్పి ముక్కలుగా చీలుస్తుంది.