కెమెరా ముట్టకుండా సినిమా: పాత పాఠాల రీళ్లతో ప్రయోగాత్మక చిత్రం ఎలా చేయాలి?

1940, 50ల్లో అమెరికా బళ్లలో చూపించడానికి 16 ఎంఎం రీళ్లపై వేలకొద్దీ చిన్న చిత్రాలు తీశారు. పెద్దలతో మర్యాదగా మెలగడం దగ్గర్నుంచి అణుబాంబు పడితే బల్ల కింద దూరడం దాకా అన్నీ నేర్పేవారు. చదువు గురించి, ఊహ గురించి సినిమా చేయాలంటే ఇంతకన్నా మంచి ముడిసరుకు దొరకదు.

1. ముందు రీళ్లు వెతకండి. పాత చిత్రాలు సేకరించే అమెరికన్ రిక్ ప్రెలింగర్ 1982లో ఇలాంటివి పోగుచేయడం మొదలుపెట్టారు. ఆ సేకరణను 2002లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తీసుకుంది. వాటిలో వేల చిత్రాలను ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

2. హక్కులు చూసుకోండి. 1964కు ముందు అమెరికాలో విడుదలైన చిత్రాలకు 28వ ఏట కాపీరైట్ రెన్యువల్ చేయించాల్సి ఉండేది. చేయించనివి అక్కడ పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరైనా వాడుకోగలిగే స్థితిలోకి వచ్చేశాయి. నేపథ్య సంగీతానికి వేరే హక్కులు ఉండొచ్చు.

3. మొదటిసారి సౌండ్ తీసేసి చూడండి. అసలు పని ఇక్కడే ఉంది. ఈ చిత్రాల్లో వ్యాఖ్యాత గొంతు మనల్ని పక్కకు చూడనివ్వదు. అది ఆగితే వెనక బెంచీలో దిక్కులు చూసే పిల్లాడు, కెమెరా వంక దొంగచూపు చూసే అమ్మాయి, డైరెక్టర్ చెప్పిన చిరునవ్వు అలసిపోయే క్షణం కనిపిస్తాయి. పాఠం పట్టు తప్పిన ఈ చోట్లే మీ సినిమా. ప్రతిదానికీ టైమ్‌కోడ్ (అది ఏ నిమిషం, ఏ సెకనులో వస్తుందో), ఒక ముక్క వివరణ రాసుకోండి. ‘క్లాసు’ అని రాస్తే తర్వాత పనికిరాదు, ‘పెన్సిల్ కొరుకుతున్నాడు’ అని రాయండి.

4. ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలు. టీచర్ ప్రశ్న అడిగే షాట్ పెట్టి, జవాబు షాట్ తీసేయండి. ఆ ఖాళీలో మరో రీలు నుంచి మేఘాలో, యంత్రాలో రానివ్వండి. రెండు సెకన్ల చూపును పదిసార్లు తిప్పి చూపండి. వెటకారం మాత్రం వద్దు. పాతకాలం వాళ్లను చూసి నవ్వించడం తేలిక, ఆ నవ్వుతోనే ప్రేక్షకుడు ఆలోచించడం మానేస్తాడు.

5. శబ్దానికి ప్రొజెక్టర్ టకటకలు పెట్టకండి, అందరూ అదే పెడతారు. మీ ఇంట్లో పిల్లలకు మూగ దృశ్యం చూపించి, “ఏం జరుగుతోందిరా?” అని అడిగి, వాళ్లు చెప్పింది రికార్డు చేయండి. ఆ అమెరికన్ క్లాసురూమ్‌పై మన పిల్లల తెలుగు వినిపిస్తే వ్యాఖ్యాత అవసరమే ఉండదు. వాళ్లు తప్పు చెప్పినా దిద్దకండి.

6. ఈ పాత చిత్రాల 4:3 ఫ్రేమ్‌ను (వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు) తెర నిండా సాగదీయకండి, రీలు మీద పడ్డ గీతలు చెరపకండి. చివర్లో వాడిన ప్రతి చిత్రం పేరు, సంవత్సరం వేయండి.